ఏ వయసుకు ఏ దయ్యం కథ?

మన గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి. అంటే అక్టోబరు 31 నాటి హాలోవీన్ దాటి, డిసెంబరు 25 నాటి క్రిస్మస్ ఇంకా రాని రోజులు. ఇంగ్లీషు చదివే దేశాల్లో దయ్యం కథలకు బాగా గిరాకీ ఉండేది ఈ కాలంలోనే. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు బడి గ్రంథాలయం నుంచి గుమ్మడికాయ బొమ్మ అట్టతో పుస్తకాలు తెచ్చుకునేదీ ఈ రోజుల్లోనే. ఆ పుస్తకం చూసి అక్కడి తల్లి అడిగేదీ, ఇక్కడ మన శాఖా గ్రంథాలయంలో బల్ల ముందు నిలబడి తాతగారు అడిగేదీ ఒకటే: ఎనిమిదేళ్ల పిల్లకి ఇది ఇవ్వచ్చా? జవాబు కోసం మనం అట్ట చూస్తాం, బొమ్మలు తిరగేస్తాం, శవముందా, నెత్తురుందా అని వెతుకుతాం. అది తప్పు చోట వెతకడమని నా వాదం. దయ్యం కథ వయసును తేల్చవలసింది దాని ముగింపును బట్టి. కథ అయిపోయేసరికి భయం పుస్తకంలోనే ఉండిపోయిందా, చదివినవాళ్ల వెంట పడకమీదికి వచ్చిందా అన్నదే చూడాలి. కథను ఒక ఋతువుకో పండుగకో ముడిపెట్టడం కూడా భయానికి ఇలాంటి ముగింపు కల్పించడానికే పుట్టిన ఏర్పాటని నేను అనుకుంటున్నాను.

దీనికి సాక్ష్యంగా ఒకే రచయిత ఒకే పండుగ కోసం రాసిన రెండు కథలు తీసుకుందాం. చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ 1843 డిసెంబరు 19న వెలువడింది. మొదట అచ్చువేసిన 6,000 ప్రతులూ పండుగ లోపే చెల్లిపోయాయి. ఆయనే 1866లో తన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పత్రిక క్రిస్మస్ సంచికకు ‘ది సిగ్నల్‌మన్’ అనే చిన్న కథ రాశాడు. రెండింటిలోనూ దయ్యాలు వచ్చేది హెచ్చరించడానికే. మొదటి కథలో చచ్చిన వ్యాపార భాగస్వామి గొలుసులు ఈడ్చుకుంటూ వస్తాడు. తలకు చుట్టిన గుడ్డ విప్పగానే దవడ జారి రొమ్ము మీద పడుతుంది. పిసినారి స్క్రూజ్ చివరికి సమాధి రాయి మీద తన పేరు తానే చదువుకుంటాడు. రెండో కథలో భయపెట్టేదల్లా రైలు సొరంగం నోటి దగ్గర చెయ్యి ఊపుతూ కనిపించే ఒక ఆకారం. దయ్యాన్ని బట్టి వయసు కడితే మొదటిది పెద్దలకు, రెండోది పిల్లలకు పోవాలి. లోకంలో జరిగింది దీనికి తలకిందులు. స్క్రూజ్ కథను నూట ఎనభై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ కలిసి చదువుకుంటున్నారు. సిగ్నల్‌మన్ కథ ఎక్కువగా పెద్దల సంకలనాల్లోనే ఉండిపోయింది. కారణం ముగింపులే. స్క్రూజ్‌కి హెచ్చరిక అర్థమవుతుంది, తెల్లవారుతుంది, చచ్చిపోతాడనుకున్న కుంటి పిల్లవాడు బతుకుతాడు. సిగ్నల్‌మన్‌కి హెచ్చరిక అందుతుంది గాని అది దేని గురించో తెలియదు, ఏం చెయ్యాలో తోచదు, చివరికి రైలింజను కింద పడి పోతాడు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో డికెన్స్ స్వయంగా ఉన్నాడు. పదిమంది చనిపోయారు, గాయపడ్డవాళ్లకు ఆయన నీళ్లందించాడు. మరుసటి ఏడే ఈ కథ రాశాడు. తన కర్తవ్యం తాను సరిగా చేస్తూనే ఆపద ఆపలేకపోయిన మనిషి భయం అది. ఉద్యోగం చేసి, బాధ్యత మోసి, ఎవరినో కాపాడలేక మిగిలినవాళ్లకే దాని బరువు తెలుస్తుంది. పదేళ్ల పిల్లవాడు అది చదివి భయపడడు, విసుక్కుంటాడు. ఆ వయసుకు ఆ కథ ఇవ్వకపోవడానికి అదే అసలు కారణం.

ముగింపు ఎంత ముఖ్యమో ఆనాటి సంపాదకులకూ, రచయితలకూ తెలుసు. 1852లో డికెన్స్ నడిపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ క్రిస్మస్ సంచికకు ఎలిజబెత్ గాస్కెల్ ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ రాసింది. ముసలి దాది ఒకామె పిల్లలను కూర్చోబెట్టుకుని, వాళ్ల అమ్మ చిన్నప్పుడు జరిగిన సంగతి చెబుతుంది. మంచులో ఒక దయ్యపు పిల్ల కిటికీ తడుతూ ఇంట్లోని పిల్లను బయటికి రమ్మంటుంది. చివరి ఘట్టంలో దయ్యాలు చిన్నపిల్ల ఒక్కదానికే కనిపించాలని డికెన్స్ సూచించాడు. గాస్కెల్ ఒప్పుకోలేదు. ఇంట్లో అందరికీ కనిపించాలని పట్టుబట్టింది, అలాగే అచ్చయింది. డికెన్స్ మాట నెగ్గి ఉంటే అది ఒక పిల్ల భ్రమ కథగా మిగిలేది. గాస్కెల్ ముగింపు వల్ల అది ఇంటి యజమానురాలు యౌవనంలో చేసిన క్రూరత్వం ఆమె కళ్లముందే నిలబడే కథ అయింది. దాది చెప్పేది పిల్లలకే, కానీ కథ పిల్లలది కాదు. కథ చెప్పేవాళ్ల ముందు పిల్లలు కూర్చున్నంత మాత్రాన అది పిల్లల కథ అని అనుకునే సంకలనకర్తలు ఈ సంగతి గమనించాలి.

ఇక ఋతువు. ఇంగ్లండులో దయ్యం కథ శీతకాలానికి అతుక్కోవడానికి కారణం ఆకాశంలోనే ఉంది. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు కుంకుతుంది. చలిమంట చుట్టూ చేరిన జనానికి రాత్రి పొడుగు. క్రిస్మస్ ముందు రాత్రి దయ్యం కథ చెప్పుకోవడం ఎంత రివాజైపోయిందంటే 1891లో జెరోమ్ కె. జెరోమ్ దాన్ని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకమే రాశాడు. కేంబ్రిడ్జిలో ఎం.ఆర్. జేమ్స్ ఏటేటా ఆ పండుగ రోజుల్లో కొత్త కథ రాసి కొవ్వొత్తి వెలుగులో మిత్రులకు చదివి వినిపించేవాడు. అవే 1904లో తొలి సంపుటంగా వచ్చాయి. ఈ ఆచారానికి ఒక ప్రయోజనం ఉంది. భయానికి ఒక తేదీ ఇస్తే మిగతా రోజులు దాని చేతిలో పడవు. దయ్యం ఫలానా రాత్రే వస్తుంది, మర్నాడు పొద్దున్నే చర్చి గంటలు మోగుతాయి, విందు ఉంటుంది. అంటే కథకు రచయిత పెట్టిన ముగింపు ఒకటైతే, ఆచారం పెట్టిన ముగింపు ఇంకొకటి. రచయిత ముగింపు ఇవ్వకపోయినా పండుగ ఇస్తుంది. జేమ్స్ కథలు అంత నిర్దయగా ఉన్నా మిత్రబృందం వాటిని ఆనందంగా వినగలిగింది బహుశా అందుకే.

ఈ ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు. భాద్రపద శుద్ధ చవితి నాడు తెలుగింట జరిగేది చూడండి. ఆ రాత్రి చంద్రుణ్ణి చూస్తే నీలాపనింద తప్పదని భయం. శమంతకమణి కథ విని అక్షతలు తలమీద వేసుకుంటే దోషం పోతుందని అభయం. భయమూ, దాన్ని తీర్చే కథా ఒకే రోజున, ఒకే ఇంట్లో, నాలుగేళ్ల పిల్లవాడి నుంచి ఎనభయ్యేళ్ల అవ్వ దాకా అందరికీ అందుతాయి. ఇది వ్రతం, సాహిత్యం కాదంటారేమో, ఒప్పుకుంటాను. కానీ కథకు తిథి ఎందుకు కావాలో ఇంతకంటే చక్కగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

వయసుల సంగతికి వద్దాం. పిల్లల భయాలపై జోఆన్ కాంటర్ అనే అమెరికన్ పరిశోధకురాలు తన సహచరులతో కలిసి చేసిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. 1985లో ప్రచురించిన ఒక పరిశీలనలో మూడు నుంచి పదేళ్ల దాకా వయసున్న పిల్లలకు ఒక ముసలమ్మ దృశ్యాలు చూపించారు. కొందరికి చూడముచ్చటైన అవ్వ, కొందరికి మంత్రగత్తె లాంటి అనాకారి. ఆ ముసలమ్మ ప్రవర్తన కూడా కొన్నిట్లో దయగా, కొన్నిట్లో క్రూరంగా. అయిదేళ్ల దాకా వయసున్నవాళ్లు ఆమె మంచిదా చెడ్డదా అన్నది ఎక్కువగా రూపం చూసి చెప్పారు. తొమ్మిది, పదేళ్లవాళ్లు ఆమె చేసిన పని చూసి చెప్పారు. అలాగే హల్క్ టీవీ సీరియల్‌లో, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే మంచివాడే అయినా, మనిషి పచ్చటి భారీ ఆకారంగా మారే ఘట్టానికి బాగా భయపడింది చిన్నపిల్లలే. అంటే మరీ చిన్న వయసులో కథ ఇంకా కథగా అందదు, బొమ్మ అందుతుంది. ‘తర్వాత అంతా మంచే జరిగింది’ అన్న చివరి వాక్యం ఆ బొమ్మను చెరపలేదు. కనుక ఆరేళ్ల లోపువాళ్లకు ముగింపు మాటల్లో కాక బొమ్మల్లోనే ఉండాలి, ఇల్లు కనబడుతూ ఉండాలి. రాబర్ట్ బ్రైట్ 1944లో గీసిన ‘జార్జీ’లో దయ్యం సిగ్గరి, ఇంటివాళ్లు ఎప్పుడు పడుకోవాలో మెట్ల కిర్రుమన్న చప్పుడుతో గుర్తుచేసే ఇంటి మనిషి. మారిస్ సెండాక్ 1963 నాటి పుస్తకంలో అల్లరి పిల్లవాడు కోరల జంతువుల దీవికి వెళ్లి రాజై, తిరిగి తన గదికి వస్తాడు. రాత్రి భోజనం అతని కోసం వేడిగా ఉంటుంది. ఈ వయసుకు ఇంతకు మించిన సిఫారసు అవసరం లేదు.

బొమ్మ బలం ఎంతటిదో ఆల్విన్ ష్వార్ట్జ్ పుస్తకాల చరిత్ర చూపుతుంది. ‘స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ది డార్క్’ 1981లో వచ్చింది. జానపద దయ్యం కథలు, చాలావాటికి ఒకటి రెండు పేజీలే. ఎక్కడ ఆగి పక్కవాణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యాలో కూడా రచయితే చెబుతాడు. ఉలిక్కిపడ్డాక అందరూ నవ్వుతారు కనుక అవి చక్కగా ముగిసే భయాలు. అయినా 1990ల దశకంలో అమెరికన్ గ్రంథాలయ సంఘం నమోదు చేసిన అభ్యంతరాల్లో ఆ పుస్తకాలదే మొదటి స్థానం. గొడవంతా కథల కంటే స్టీఫెన్ గామెల్ వేసిన, చెమ్మగా కారిపోతున్నట్టుండే బొమ్మల గురించి. 2011లో ప్రచురణకర్తలు వేరే చిత్రకారుడితో మెత్తని బొమ్మలు వేయించారు. పాత చదువరులు ఊరుకోలేదు; కొన్నేళ్లకు పాత బొమ్మలే తిరిగొచ్చాయి. అభ్యంతరం చెప్పినవాళ్లదీ, పాత చదువరులదీ, ఇద్దరి మాటా నిజమే. ఆ కథలు తొమ్మిదేళ్లవాళ్లకు చక్కగా సరిపోతాయి. ఇంట్లో అయిదేళ్ల తమ్ముడుంటే మాత్రం పుస్తకం పై అరలో పెట్టాలి, లేదా బొమ్మ చూపించకుండా నోటితో చెప్పాలి.

ఎనిమిది నుంచి పన్నెండు మధ్య వయసు దయ్యం కథలకు స్వర్ణయుగం. దానికి తగిన నమూనా మన దగ్గరే ఉంది. 1947 జులైలో మొదలైన చందమామలోని బేతాళ కథలను పైపైన చూసేవారికి హడలు పుట్టాలి: శ్మశానం, అర్ధరాత్రి, చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని కత్తి చేతబట్టి నడిచే రాజు. చిత్రకారుడు శంకర్ వేసిన ఆ బొమ్మ మూడు నాలుగు తరాల కళ్లలో ఉంది. అయినా పిల్లలు అది చూసి పారిపోలేదు, నెలనెలా దాని కోసం కాచుకుని కూర్చున్నారు. మొదటి పేరా ప్రతి నెలా ఒకటే, చివరి పేరా ప్రతి నెలా ఒకటే. శవం మాట్లాడుతుందని తెలుసు, ప్రశ్న అడుగుతుందని తెలుసు, రాజు నోరు విప్పగానే ఎగిరి చెట్టెక్కుతుందని తెలుసు. చట్రం అంత గట్టిది కనుక లోపల పెట్టే సరుకు ఎంత వింతదైనా పరవాలేదు. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కథాసరిత్సాగరంలో చెప్పిన మూలకథ మరో రకం. అక్కడ ఈ నడకకు అంతం ఉంది: రాజును బలి ఇవ్వాలనుకున్న భిక్షువు మోసం బయటపడటం, రాజు వాడి తల నరకడం. చందమామ ఆ చివరను పక్కన పెట్టి చట్రాన్ని మాత్రం ఉంచుకుంది, భయాన్ని న్యాయాన్యాయాల చిక్కుప్రశ్నగా మార్చింది. పనిని బట్టి మనిషిని తూచడం నేర్చుకుంటున్న వయసుకు అంతకంటే తగిన వ్యాయామం ఏముంటుంది? ఇదే వయసు చివరి అంచున ఆస్కార్ వైల్డ్ 1887 నాటి ‘ది కాంటర్‌విల్ ఘోస్ట్’ ఇవ్వచ్చు. మూడువందల ఏళ్లుగా జనాన్ని హడలగొట్టిన దయ్యానికి, గొలుసులు కిర్రుమనకుండా నూనె రాసుకోమని సలహా ఇచ్చే అమెరికన్ కుటుంబం ఎదురవుతుంది. నవ్వుతూ మొదలైన చదువరికి చివర దయ్యం మీద జాలి కలుగుతుంది. భయం నుంచి జాలి దాకా ఒక పిల్లను నడిపించగల కథలు ఎక్కువ లేవు.

పదమూడు దాటాక ముగింపు తలుపు ఓరగా తెరవచ్చు. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రచురించిన తల లేని రౌతు కథలో బడిపంతులు మాయమవుతాడు. మర్నాడు అతని టోపీ పక్కన పగిలిన గుమ్మడికాయ దొరుకుతుంది. దయ్యం ఎత్తుకుపోయిందా, ప్రేమలో పోటీదారు బెదరగొట్టి తరిమాడా? రెండూ నిలుస్తాయి, ఏది నమ్మాలో చదువరి తేల్చుకోవాలి. భాష కష్టం, మొదటి సగం నత్తనడక, అది దాచడం అనవసరం. డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902 నాటి ‘ది మంకీస్ పా’ ఇంకో మెట్టు పైది. ఒక ఫకీరు మంత్రించిన, మూడు కోరికలు తీర్చే కోతిచెయ్యి ఇండియా నుంచి ఒక సైనికుడి వెంట ఇంగ్లండు చేరుతుంది. కథ చివర తలుపు తడుతున్నదెవరో తల్లికి తెలుసు, తండ్రికీ తెలుసు. తలుపు తీసేసరికి ఖాళీ వీధి, దీపస్తంభం. దయ్యం ఒక్క క్షణం కూడా కంటబడదు. కనబడనిదాన్ని ఊహించగల వయసుకే ఆ భయం అందుతుంది, కొడుకు పోయిన తల్లి ఆశ అర్థమయ్యే వయసుకే దాని దుఃఖం అందుతుంది. ఇక పద్దెనిమిది దాటినవాళ్లకు సిగ్నల్‌మన్, గాస్కెల్ దాది, ఎం.ఆర్. జేమ్స్. జేమ్స్ రాసిన ఈల కథలో దయ్యాల్లేవని వాదించే ప్రొఫెసర్ ప్రాణాలతో బయటపడతాడు, కానీ ఆ తర్వాత తలుపుకు వేలాడే తెల్ల వస్త్రాన్ని కూడా నిబ్బరంగా చూడలేడు. గెలిచినా ఓడిన మనిషి అతను. ముగింపు లేని ముగింపును మోయడం పెద్దల పని.

ఇక అసలు అభ్యంతరం. తెలుగునాట ఈ మాట అనకుండా దయ్యాల ప్రసంగం ముగించడం నిజాయితీ కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉన్న ప్రాంతం మనది. ఇక్కడ పిల్లలకు దయ్యం కథ ఇవ్వడం మూఢనమ్మకానికి నీళ్లు పోయడం కాదా? యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పుడు రంగనాయకమ్మ దాన్ని ఖండిస్తూ పుస్తకమే రాశారు. క్షుద్రవిద్య నిజంగా పనిచేస్తుందేమోనన్న అనుమానం చదువరిలో మిగిల్చే రచనపై ఆ కోపం న్యాయమైనదే. అయితే దోషం దయ్యానిదా, కథకూ వార్తకూ మధ్య గీత చెరపడానిదా అని విడదీసి చూడాలి. దయ్యం ఇంట్లోకి రాకుండా ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న రోజులున్నాయి. అది కథ కాదు, వదంతి. చెప్పినవాడు నిజమన్నాడు; ఎక్కడ మొదలైందో తెలియదు, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. ఆ రాతలోనే గడువు రోజూ రేపటికి జరుగుతుంది. ముగింపు లేని భయానికి అంతకంటే ఉదాహరణ లేదు. బేతాళుడు దీనికి పూర్తి విరుద్ధం. ఆ కథలు విని ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది, సైన్సు వ్యాసాలు రాసిన మనిషి. ఆయన చేతిమీదుగానే ఏళ్ల తరబడి బేతాళులు, బ్రహ్మరాక్షసులు, మాంత్రికులు పిల్లల దగ్గరికి వెళ్లారు. ఆయనకు తన నమ్మకాలు గుర్తులేక కాదు. కథ అని తెలిసి విన్న దయ్యం నమ్మకంగా మారదని ఆయనకు తెలుసని నేను అనుకుంటాను. ఇంకో మాట: దయ్యం కథలు బాగా చదివిన పిల్లకు వదంతిని కూడా కథగా గుర్తుపట్టే నేర్పు వస్తుంది. ఇది నా అభిప్రాయం, పరిశోధన ఫలితం కాదు.

వయసు చీటీలు అంటించడమే తప్పనేవారు కూడా ఉన్నారు. పిల్లలు ఎప్పుడూ తమ వయసుకు మించినవే చదువుతారని వాళ్ల వాదన. చదువుతారు, చదవనివ్వాలి. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండు, చదువరినీ పుస్తకాన్నీ కలపడం గురించినవే. అడ్డుపడటం గురించినది ఒక్కటీ లేదు. నేను చెప్పే వరస సలహాకే, తాళానికి కాదు. పదేళ్ల పిల్ల జేకబ్స్ కథ తీసుకెళ్తానంటే ఇవ్వండి, తిరిగి తెచ్చినప్పుడు తలుపు బయట ఎవరున్నారనుకున్నావని అడగండి. ఆ సంభాషణే ఆ కథకు రచయిత పెట్టని ముగింపు అవుతుంది.

ఇక చివరిది, ఋతువు మనది కాదన్న మాట. ఇది సగం నిజం. హైదరాబాదులో డిసెంబరు పగలు కూడా దాదాపు పదకొండు గంటలు. లండన్ చీకటి మనకు రాదు. హాలోవీన్ అలంకరణ మన దుకాణాలకు వచ్చినంత తేలిగ్గా ఆ ఋతువు మన కథకు రాదు. కానీ దయ్యాల ఋతువు ఎక్కడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరి తీరికను బట్టి వాళ్లు ఏర్పరచుకున్నారు. జపాన్‌లో దయ్యం కథల కాలం నడివేసవి. పితరులు ఇళ్లకు వస్తారనే ఓబోన్ పండుగ అప్పుడే. అక్కడ ఎడో యుగంలో వంద దీపాలు పెట్టి, ఒక్కో కథకు ఒక్కో దీపం ఆర్పుతూ చెప్పుకునే ఆట ఉండేది. ఆ దేశపు కథలను లాఫ్కాడియో హెర్న్ ‘క్వైదాన్’గా ఇంగ్లీషులోకి తెచ్చింది 1904లో, జేమ్స్ తొలి సంపుటం వచ్చిన ఏడే. చెవులు తెగిన గుడ్డి పాటగాడు హోయిచి కథ అందులోదే. పన్నెండు దాటినవాళ్లకు తప్పక ఇవ్వవలసినది. మనకూ బడి సెలవులు, డాబాల మీద పడకలు, ఆలస్యంగా వచ్చే నిద్ర అన్నీ వేసవిలోనే కలిసొస్తాయి.

కాబట్టి గ్రంథపాలకులకు నా విన్నపం ఇది. వచ్చే మే నెలలో మీ గ్రంథాలయంలో ఒక బల్ల మీద దయ్యం కథలు పెట్టండి. చందమామ పాత సంపుటాలు, తెలుగులో దొరికే అనువాదాలు, దొరకనివాటికి ఇంగ్లీషు ప్రతులు, అన్నీ కలిపి నాలుగు వరసలు. ఏ పుస్తకం ఏ వరసలో పెట్టాలో అట్ట చూసి నిర్ణయించకండి, చివరి పేజీ చదివి నిర్ణయించండి. బడులు తెరిచిన రోజు ఆ బల్ల తీసేయండి.